పక్షవాతం తర్వాత చెయ్యి, కాలు ఎక్కడున్నాయో మెదడుకు మళ్లీ నేర్పించడం ఎలా

పక్షవాతం వచ్చి రెండు మూడు నెలలైంది. చేతిలో బలం కొద్దికొద్దిగా తిరిగొస్తోందని డాక్టర్ కూడా అన్నారు, పిడికిలి బిగించమంటే బిగిస్తున్నారు, కానీ గ్లాసు అందుకోమంటే చెయ్యి గ్లాసు పక్కకు పోతోంది. చూస్తున్నంతసేపూ చేతిలో ఉన్న చెంచా, టీవీ వైపు తల తిప్పగానే జారి కింద పడుతోంది. నడుస్తుంటే ఆ వైపు చెప్పు ఎక్కడో ఊడిపోతుంది, ఆ సంగతే వారికి తెలియదు. పగలు పర్వాలేదన్నట్టు నడిచిన మనిషి రాత్రి లైటు లేని బాత్రూమ్‌లో తూలిపోతారు. మీ ఇంట్లో ఇలా జరుగుతుంటే ఇది మీ కోసమే రాస్తున్నాను.

ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు "బలం వచ్చింది కదా, తనే ప్రయత్నం చేయట్లేదు", "బద్ధకం ఎక్కువైంది" అంటూ ఉంటారు. దయచేసి ఆ మాట అనకండి. ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేసే మనిషిగా నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఆ మాటే, ఎందుకంటే అక్కడ లోపం ప్రయత్నంలో లేదు, చాలాసార్లు బలంలో కూడా లేదు. తన చెయ్యి ఎక్కడుందన్న కబురు మెదడుకు అందట్లేదు. స్ట్రోక్ వచ్చినవారిలో ఈ ఇబ్బంది చాలా మందికి ఉంటుంది, అయినా బయటికి కనపడదు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

కళ్లు మూసుకుని మీ చూపుడు వేలితో ముక్కు కొస తాకి చూడండి. తాకగలిగారు కదా. చెయ్యి ఎంత ఎత్తులో ఉందో, మోచెయ్యి ఎంత వంగిందో చూడకుండానే మీకు తెలిసింది. ఈ తెలివికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్ల్స్ షెరింగ్టన్, 1906లో. తెలుగులో స్థితి జ్ఞానం అందాం.

దీనికి ముఖ్యమైన ఆధారం కండరాల లోపల ఉంటుంది. ప్రతి కండరంలోనూ కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే సన్నటి సెన్సార్లు ఉంటాయి, కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగుతోంది అన్నది అవి ఎప్పటికప్పుడు చెబుతుంటాయి. మోచెయ్యి చాచితే ముందు కండరం సాగుతుంది, వెనక కండరం పొట్టిదవుతుంది, ఆ రెండు కబుర్లనూ కలిపి చూసి మెదడు మోచెయ్యి ఎంత తెరుచుకుందో లెక్క వేస్తుంది. 1972లో ఆక్స్‌ఫర్డ్‌లో గుడ్విన్, మెక్‌క్లోస్కీ, మాథ్యూస్ అనే ముగ్గురు దీన్ని చక్కగా చూపించారు: మోచెయ్యి ముందు కండరం స్నాయువు మీద, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం మీద, వైబ్రేటర్ పెడితే, చెయ్యి కదలకపోయినా, అది చాచుకుంటోందని ఆ మనిషికి అనిపించింది. కండరం సాగుతోందన్న తప్పుడు కబురు వెళ్లింది, మెదడు నమ్మేసింది. స్నాయువుల్లో బరువును కొలిచే సెన్సార్లు, కీళ్ల చుట్టూ ఉన్నవి, చర్మం సాగడాన్ని పసిగట్టేవి కూడా తమవంతు కబురు కలుపుతాయి.

ఈ కబుర్లు వెన్నుపాము వెనక భాగం గుండా, వచ్చిన వైపునే పైకెక్కి, మెదడు కాండం అడుగున అవతలి వైపుకు దాటతాయి. అక్కణ్నుంచి మెదడు మధ్యలో కబుర్లను పంచిపెట్టే థాలమస్‌కు, అక్కణ్నుంచి మెదడు పైపొరలో నడినెత్తి కింద ఉండే పెరైటల్ భాగానికి చేరతాయి. అందుకే కుడి మెదడులో స్ట్రోక్ వస్తే ఎడమ చేతికి, ఎడమ కాలికి తెలివి తగ్గుతుంది. ఇంకో కాపీ చిన్నమెదడుకు వెళ్తుంది, మనకు తెలియకుండానే కదలికలను సరిచేసే పని దానిది. స్ట్రోక్ థాలమస్‌లో వచ్చినా, పెరైటల్ భాగంలో వచ్చినా, ఆ రెంటినీ కలిపే దారిలో వచ్చినా స్థితి జ్ఞానం దెబ్బతింటుంది, కొన్నిసార్లు బలం పెద్దగా పోకుండానే. స్కాన్ రిపోర్టులో థాలమస్ అనో పెరైటల్ అనో కనిపిస్తే మీ ఫిజియోను ఈ విషయం ప్రత్యేకంగా అడగండి.

ఈ తెలివి లేకపోతే జీవితం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంగ్లండ్‌కు చెందిన ఇయాన్ వాటర్‌మన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆయనది స్ట్రోక్ కాదు. 1971లో, 19 ఏళ్ల వయసులో, ఒక జబ్బు తర్వాత మెడ కింద నుంచి స్పర్శ, స్థితి జ్ఞానం మోసే నరాలు పాడైపోయాయి. కండరాల బలం అలాగే ఉంది, అయినా మొదట్లో మంచం మీద లేచి కూర్చోలేకపోయారు. తర్వాత ప్రతి కదలికనూ కళ్లతో చూస్తూ, ముందుగా ఆలోచించుకుంటూ, మళ్లీ నడవడం నేర్చుకున్నారు. లైటు పోతే మాత్రం పడిపోయేవారు. ఆయన కథలో రెండు విషయాలు నాకు ముఖ్యం: కళ్లు ఈ లోటును చాలావరకు పూడ్చగలవు, కానీ దానికి అయ్యే శ్రమ రోజంతా మనిషిని పిండేస్తుంది. మీ నాన్నగారు పది అడుగులు నడిచి అలసిపోయానంటే నమ్మండి.

మంచి విషయం ఏంటంటే, స్ట్రోక్‌లో చేతిలోని సెన్సార్లు, నరాలు మామూలుగా బాగానే ఉంటాయి. కబురు బయల్దేరుతోంది, అందుకునే చోటే గాయపడింది. చుట్టుపక్కల మిగిలిన భాగాలకు ఆ కబురును చదవడం నేర్పించవచ్చు. కానీ అది ఊరికే చెయ్యి కదిలించడం వల్ల రాదు, శ్రద్ధ పెట్టి, తప్పు చేసి, ఆ తప్పును చూసి సరిదిద్దుకోవడం వల్ల వస్తుంది. కింద రాసిన ప్రతి అడుగూ ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

మొదటి అడుగు: ఎంత పోయిందో, ఎక్కడ పోయిందో చూడండి

టీవీ ఆపండి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చోబెట్టండి, లేదా పడుకోబెట్టండి. భోజనం చేసిన వెంటనే, నిద్ర మత్తులో ఉన్నప్పుడు వద్దు. ఆట ఎలా ఆడాలో ముందు బాగున్న వైపు చేసి చూపించండి, లేకపోతే అర్థంకాక తప్పు చెప్పారో, తెలియక చెప్పారో మీకు తేలదు. మాట పోయినవారైతే బాగున్న చేతి వేలితో పైకి, కిందకు సైగ చేయమనండి.

కాలి బొటనవేలితో మొదలుపెట్టండి. వేలిని రెండు పక్కల నుంచి పట్టుకోవాలి, పైనా కిందా పట్టుకోకూడదు. పైన నొక్కితే ఆ ఒత్తిడిని బట్టి "కిందకు" అని చెప్పేస్తారు, అది స్పర్శ, స్థితి జ్ఞానం కాదు. పక్క వేలికి తగలనివ్వకండి. కళ్లు తెరిచి ఉండగా ఇది పైకి, ఇది కిందకి అని చూపించి, కళ్లు మూయించి, నెమ్మదిగా కొంచెం పైకో కిందకో జరిపి ఆపి, "ఇప్పుడెటు జరిగింది నాన్నా?" అని అడగండి. వరసగా పైకి, కిందకి, పైకి, కిందకి అని మార్చకండి, కలగాపులగంగా చేయండి. 10 సార్లు చేసి ఎన్ని సరిగ్గా చెప్పారో రాసుకోండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఏమీ తెలియని మనిషి కూడా గుడ్డిగా చెబితే 10కి 5 సరిపోతాయి. కాబట్టి 9, 10 వస్తే ఆ కీలు బాగున్నట్టు, 5, 6 వస్తే దాదాపు తెలియనట్టే, మధ్యలో వస్తే మసకగా తెలుస్తున్నట్టు. "సగం కరెక్టుగా చెప్పారు, పర్వాలేదు" అని సంతోషపడి వదిలేసిన ఇళ్లు నేను చూశాను.

బొటనవేలు తెలియకపోతే చీలమండ, అదీ తెలియకపోతే మోకాలు. చేతిలో కూడా అంతే, వేళ్లు, మణికట్టు, మోచెయ్యి. శరీరానికి దగ్గరగా ఉన్న కీళ్లలో తెలివి ఎక్కువగా మిగిలి ఉంటుంది, కాబట్టి ఎక్కడ తెలియడం మొదలవుతుందో అక్కడి నుంచే మీ సాధన మొదలవ్వాలి.

తర్వాత బొటనవేలిని వెతికే పరీక్ష. కళ్లు మూసుకోమని, పడిపోయిన చేతిని మీరు మెల్లగా తీసుకెళ్లి గాలిలో ఒకచోట పట్టుకుని, బాగున్న చేత్తో ఆ చేతి బొటనవేలిని పట్టుకోమనండి. తెలివి బాగుంటే నేరుగా వచ్చి పట్టుకుంటారు. కొంచెం పోతే కొన్ని అంగుళాలు పక్కన తడుముతారు. బాగా పోతే మోచెయ్యి దగ్గర దొరకబుచ్చుకుని, చెయ్యి వెంట పాకించుకుంటూ వేలిదాకా వస్తారు, కొందరు అసలు ఎటు వెతకాలో తెలియక ఆగిపోతారు. ఒక్క నిమిషం పరీక్ష, కానీ ఇంట్లోవాళ్ల కళ్లు తెరిపించేది ఇదే. అప్పటిదాకా బద్ధకం అన్నవాళ్లు ఆ తర్వాత అనరు.

నిలబెట్టి కళ్లు మూయించే పరీక్ష ఆసుపత్రిలో చేసి ఉంటారు. దాన్ని ఇంట్లో చేయకండి, పడిపోతే తుంటి విరుగుతుంది.

ఇక్కడ రెండు విషయాలు కలగలిసిపోకుండా చూసుకోవాలి. ఒకటి, కుడి మెదడులో స్ట్రోక్ వచ్చిన కొందరు ఎడమ వైపు ప్రపంచాన్నే పట్టించుకోరు, ప్లేటులో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు, ఎడమ చెంప గడ్డం గీసుకోరు. అది శ్రద్ధకు సంబంధించిన లోపం, నెగ్లెక్ట్ అంటారు. వారికి కళ్లు మూయించి చేసే సాధన కంటే ముందు ఎడమ వైపుకు చూడటం నేర్పాలి, అది థెరపిస్ట్ దగ్గర మొదలవ్వాలి. రెండోది, తెలివి తగ్గింది రెండు పాదాల్లోనూ అయితే అది స్ట్రోక్ వల్లే అనుకోకండి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికి పాదాల నరాలే దెబ్బతిని ఉండవచ్చు. విటమిన్ బి12 తగ్గినా వెన్నుపాము వెనక దారి పాడవుతుంది, పూర్తి శాకాహారుల్లో, చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నవారిలో అది తగ్గే అవకాశం ఎక్కువ. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది, మందుతో సరిచేయవచ్చు. డాక్టర్‌ను అడిగి ఆ పరీక్ష చేయించండి.

రెండో అడుగు: సాధన కంటే ముందు ఇల్లు

ఇది వాయిదా వేయకండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టండి, ఎందుకంటే వారి కళ్లే ఇప్పుడు వారి కాళ్లు. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు రాడ్ బిగించండి. దారిలో పట్టాలు, కార్పెట్ ముక్కలు తీసేయండి, గడప అంచుకు కనిపించే రంగు టేపు అతికించండి. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి కావాలి.

వేడినీళ్లు ఎప్పుడూ బాగున్న చేత్తోనే ముట్టి చూడాలి. వేడి టీ గ్లాసు పడిపోయిన చేతికి ఇవ్వకండి. వీల్‌చైర్‌లో కూర్చున్నప్పుడు చెయ్యి పక్కకు జారి చక్రంలో పడుతుంది, వారికి తెలియదు, ఒళ్లో దిండు పెట్టి దాని మీద ఉంచండి. రాత్రి ఆ చెయ్యి ఒంటి కింద నలగకుండా చూడండి. రోజూ సాయంత్రం ఆ పాదం అడుగు, వేళ్ల సందులు ఒకసారి చూడండి.

అన్నిటికంటే ముఖ్యంగా, లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకండి, చంకలో చెయ్యి పెట్టి కూడా ఎత్తకండి. భుజాన్ని పట్టి ఉంచే కండరాలు సడలి ఉంటాయి, కీలు జారిపోతుంది. ఆ నొప్పి నెలల తరబడి ఉండిపోయి మొత్తం సాధననే ఆపేస్తుంది. నడుము దగ్గర బెల్టో, గట్టి తువ్వాలో కట్టి అక్కడ పట్టుకోండి.

మూడో అడుగు: చూసి, మూసి, చెప్పి, తెరిచి

అసలు సాధన ఇదే. ఆస్ట్రేలియాలో లియాన్ కేరీ అనే పరిశోధకురాలు స్ట్రోక్ తర్వాత స్పర్శ, స్థితి జ్ఞానం తిరిగి నేర్పించే పద్ధతిని ఏళ్లపాటు పరీక్షించి రూపొందించారు. దానిలోని మూల సూత్రాలను మన ఇంట్లో చేసుకునేలా చెబుతున్నాను.

మోచెయ్యిని ఉదాహరణగా తీసుకుందాం. టేబుల్ మీద పాత కొరియర్ అట్టపెట్టె, ఎదురెదురు వైపులు కత్తిరించి, గుహలా పెట్టండి. పడిపోయిన చెయ్యి దాని లోపల ఉండాలి, వారికి కనపడకూడదు, మీకు కనపడాలి. పెట్టె అక్కర్లేదనుకుంటే చేతి మీద కండువా కప్పినా చాలు. కళ్లు గట్టిగా మూసుకోవాలంటే కొందరికి భయం, తల తిరుగుతుంది, అలాంటివారికి ఇలా కప్పడమే మేలు. టేబుల్ మీద చాక్‌పీసుతో మూడు గీతలు గీయండి, దగ్గర, మధ్య, దూరం.

మొదట కండువా తీసేసి, చెయ్యి చూస్తుండగా దాన్ని మీరు దగ్గర గీతకు, తర్వాత దూరం గీతకు తీసుకెళ్లండి. ఆ రెండు చోట్లా మోచేతిలో, భుజంలో ఏమనిపిస్తోందో గమనించమనండి. లాగినట్టుందా, వదులుగా ఉందా, అసలేమీ తెలియట్లేదా. బాగున్న చెయ్యినీ అలాగే పెట్టి పోల్చుకోమనండి. ఇప్పుడు కప్పేయండి. చేతిని ఒక గీత దగ్గరకు తీసుకెళ్లి ఆపండి. ఎక్కడుందో చెప్పమనండి, లేదా బాగున్న చేత్తో పెట్టె మీద ఆ చోటు చూపించమనండి. తొందరపెట్టకండి, సరైనదేదో ముఖంలో చూపించకండి. చెప్పాక కండువా తీయండి.

సరిగ్గా చెబితే సరే. తప్పు చెబితే, సాధన అంతా నిజానికి ఇక్కడే జరుగుతుంది. "కాదు, దూరం గీత" అని ఊరుకోకండి. ఇప్పుడు కళ్లతో చూస్తుండగా చేతిని వారు చెప్పిన చోటికి తీసుకెళ్లండి, తర్వాత నిజంగా ఉన్న చోటికి తీసుకురండి, తేడా గమనించనివ్వండి. మళ్లీ కప్పి అదే చోటికి ఇంకోసారి తీసుకెళ్లండి. ఈసారి ఆ కబురుకు ఒక అర్థం తోడై ఉంటుంది. నేను చూసినంతలో, తప్పు చెప్పగానే ఇంట్లోవాళ్లు "అయ్యో, మళ్లీ తప్పు" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు, పేషెంట్ ఆ ముఖం చూసి ఇక ఆలోచించడం మానేసి ఏదో ఒకటి చెప్పేస్తారు. అది మాత్రం జరగనివ్వకండి.

మూడుకు మూడూ తేలిగ్గా చెబుతుంటే గీతల మధ్య దూరం తగ్గించండి. అస్సలు చెప్పలేకపోతే రెండు గీతలే ఉంచి బాగా దూరంగా పెట్టండి. ఎప్పుడూ పదింటిలో ఏడెనిమిది సరిపోయేంత కష్టం ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. అంతకంటే తేలికైతే నేర్చుకునేదేమీ ఉండదు, అంతకంటే కష్టమైతే మనసు విరుగుతుంది. కొద్దిగా కదలిక వచ్చాక చేతిని మీరు జరపడం మానేసి, వారినే "మధ్య గీతకు తీసుకెళ్లండి" అని అడగండి. తానే కదిపినప్పుడు మెదడు ముందే అంచనా వేసుకుంటుంది, ఆ అంచనాను వచ్చిన కబురుతో పోల్చుకుంటుంది, కాబట్టి తానుగా కదిపే సాధన వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి. కదలిక అస్సలు లేకపోయినా మీరు కదిపి చేసే సాధన మానకండి.

కాలికి ఇంకా సులువు. కుర్చీలో కూర్చోబెట్టి పాదం కింద చిన్న గుడ్డ ముక్క వేయండి, టైల్స్ మీద సులువుగా జారుతుంది. టైల్ గీతలే మీ కొలత. ఒళ్లో తువ్వాలు అడ్డంగా పట్టుకుంటే పాదం కనపడదు. "ముందు గీత దాకా జరపండి" అనడం, ఆగాక తువ్వాలు తీసి చూసుకోవడం. ఎన్ని వేళ్ల దూరం తేడా వచ్చిందో రాసుకోండి.

ఒక్కోసారి 15 నిమిషాలు చాలు, రోజుకు రెండుసార్లు. శ్రద్ధ అలసిపోయాక చేసేది లెక్కలోకి రాదు.

నాలుగో అడుగు: బరువు మోపించండి

కీలు మీద బరువు పడితే అక్కడి నుంచి వెళ్లే కబురు గట్టిపడుతుంది. మంచం అంచున కూర్చోబెట్టి, పడిపోయిన అరచేతిని పక్కన చదునుగా ఆనించి, మోచెయ్యి వెనక మీ చెయ్యి ఆసరాగా పెట్టి, మెల్లగా ఆ వైపు ఒరగమనండి. భుజంలో నొప్పి ఉంటే ఇది వద్దు.

నిలబడగలిగితే వంటింటి గట్టు పట్టుకుని నిలబెట్టండి, వెనక కుర్చీ, పక్కన మీరు. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్లు రెండు దొరికితే ఒక్కో పాదం కింద ఒకటి పెట్టి, రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడమనండి, సమానమని అనిపించాక చెప్పమనండి, అప్పుడు అంకెలు చదవండి. 70 కిలోల మనిషి ఒక కాలి మీద 50 వేసి "సమానంగానే ఉన్నాను" అంటారు. అంకె చూసుకుంటూ సర్దుకుని, మళ్లీ చూడకుండా ప్రయత్నించడం. ఇది కూడా పైన చెప్పిన సాధనే.

కొందరు మాత్రం కూర్చోబెడితే బాగున్న చేత్తో తోసుకుంటూ పడిపోయిన వైపుకు ఒరిగిపోతారు, నిటారుగా సరిచేయబోతే పడేస్తున్నారని భయపడి ఇంకా గట్టిగా తోస్తారు. మొండితనం అనుకోకండి. జర్మనీలో కార్నాత్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటివారికి ఒళ్లు బాగున్న వైపుకు సుమారు 18 డిగ్రీలు ఒరిగి ఉన్నప్పుడు నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుందని తేలింది. అంటే మీరు నిజంగా నిటారుగా పెడితే వారికి పడిపోతున్నట్టే ఉంటుంది. కానీ కళ్లతో చూసి ఏది నిలువుగా ఉందో వారు సరిగ్గానే చెప్పగలరు. కాబట్టి తోసి సరిచేయకుండా, ఎదురుగా తలుపు ఫ్రేమ్ చూపించి "ఆ తలుపు అంచు నిలువుగా ఉంది కదా, మీ ఒళ్లు దాంతో సమానంగా ఉందా?" అని అడగండి. ముందు తానే చూసి ఒప్పుకోవాలి, తర్వాత తానే బాగున్న వైపు ఉన్న గోడనో టేబుల్‌నో అందుకునేందుకు ఒరగాలి.

ఐదో అడుగు: రోజువారీ పనుల్లోకి తీసుకురండి

టేబుల్ మీద గీతలు తెలుసుకున్నంత మాత్రాన అన్నం కలపడం రాదు. చిక్కుడుకాయలు ఒలవడం, తువ్వాలు మడతపెట్టడం, చొక్కా బొత్తాలు, జేబులోంచి తాళంచెవి తీయడం, వీటిలో వారికి ఏది కావాలో అడగండి, వారు ఎంచుకున్నదే సాధన చేయించండి. మా దగ్గర ఒక పెద్దావిడ ముగ్గు వేయాలన్నారు, వ్యాయామాలంటే విసుక్కునే మనిషి పళ్లెంలో పిండి పోసి ఇస్తే గంట కూర్చున్నారు. పనిని ముందు చూస్తూ ఒకసారి, తర్వాత కళ్లు పక్కకు తిప్పి ఒకసారి చేయించండి.

స్థితి జ్ఞానం పోయిన చెయ్యి అవసరం కంటే గట్టిగా పట్టుకుంటుంది, లేదా చూపు తప్పగానే వదిలేస్తుంది. పట్టు నేర్పడానికి పేపర్ కప్పు బాగుంటుంది, సగం చల్లటి నీళ్లు పోసి ఇవ్వండి, గట్టిగా పట్టుకుంటే కప్పు నలుగుతుంది, వదులైతే జారుతుంది, తప్పు వెంటనే తెలుస్తుంది.

నడకలో మొదట్లో పాదాల వైపు చూడనివ్వండి, తప్పేమీ కాదు. నిలకడ వచ్చాక రెండు అడుగులు ఎదురుగా చూసి, ఒక అడుగు కిందకు చూసి, అలా మెల్లగా చూపును పాదాల మీంచి తప్పించండి. పక్కన మనిషి లేకుండా మాత్రం కాదు.

నూనె మర్దన గురించి అందరూ అడుగుతారు. ఒళ్లు సడలుతుంది, చర్మానికి మంచిది, ఆ మనిషికి మీ చెయ్యి తగలడం కూడా మంచిదే, చేయండి. కానీ తాను ఊరికే పడుకుని ఉంటే స్థితి జ్ఞానం తిరిగిరాదు. మర్దన చేసేటప్పుడే "ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నాను, మడిచానా చాచానా" అని అడుగుతూ చేస్తే ఆ అరగంట కూడా సాధనలోకి వస్తుంది. పావురం రక్తం రాయడం లాంటివాటి మీద మాత్రం డబ్బు, రోజులు పోగొట్టుకోకండి. మొదటి నెలల్లోనే మార్పు ఎక్కువగా వస్తుంది, ఆ నెలలు మళ్లీ రావు. ఏడాది దాటినవారికి కూడా ఈ సాధన పనికొస్తుంది, నెమ్మదిగా వస్తుంది అంతే. పూర్తిగా రాని వారూ ఉంటారు. వారికి కళ్లతో సర్దుకోవడం, ఇంట్లో లైట్లు, చెప్పులు, పట్టుకునే రాడ్లు జీవితాంతం ఉండాలి.

పుస్తకంలో వారానికి ఒకసారి బొటనవేలి పరీక్ష 10కి ఎంత, చెయ్యి వెతికితే ఎన్ని అంగుళాలు తప్పింది, ఇవి రాసుకోండి. ఫిజియో వచ్చినప్పుడు "కాస్త మేలు" అని చెప్పడం కంటే ఆ పేజీ చూపిస్తే తర్వాత ఏం చేయాలో తేల్చుకోవడం తేలిక.

ఎప్పుడు ఆపాలి

ఆ వైపు చెయ్యి వాచి, ఎర్రబడి, ముట్టుకోనివ్వకపోతే సాధన ఆపి డాక్టర్‌కు చూపించండి. థాలమస్ స్ట్రోక్ తర్వాత కొందరికి వారాల, నెలల తర్వాత ఆ సగం ఒళ్లు మంటలు, కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి మొదలవుతుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. అది నటన కాదు, మామూలు నొప్పి మాత్రలకు తగ్గదు, దానికి వేరే మందులున్నాయి, న్యూరాలజిస్ట్ ఇస్తారు.

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు పోవడం, మాట ముద్దగా రావడం, కొత్తగా చెయ్యో కాలో పడిపోవడం, చూపు తగ్గడం కనిపిస్తే మాత్రం, అర్ధరాత్రి అయినా సరే, తెల్లారనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. చివరిసారి ఎన్ని గంటలకు బాగున్నారో గుర్తు తెచ్చుకుని ఆ టైమ్ కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కాబట్టి డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. నీళ్లు, మాత్రలు ఏవీ నోట్లో పోయకండి. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో 24 గంటలూ సీటీ స్కాన్ ఉందో ఈరోజే కనుక్కుని, ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.